కర్నూలు కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికే దొరకదు

కర్నూలులో మునిసిపాలిటీ గురించి ఎవరిని కదిపినా ముందు వచ్చే మాట ఒకటే. ఇంటి పన్ను కడుతున్నాం, కుళాయి పన్ను కడుతున్నాం, అయినా ఎండాకాలం వస్తే నీళ్లకు టెన్షన్ తప్పదు, కాలువలో పూడిక తీసేవాడు కనిపించడు, ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది? అదే రోజు పేపర్ తెరిస్తే మాత్రం కోట్ల లెక్కలు. కొత్త పైపులైన్లు, కొత్త పార్కులు, ఓర్వకల్లు దగ్గర పారిశ్రామిక నగరం. ఊళ్లో చిన్న పనికి డబ్బు లేదంటారు, ఊరి పేరు మీద పెద్ద పనులకు మాత్రం వందల కోట్లు మంజూరవుతాయి. వినేవాళ్లకు ఇందులో ఏదో ఒకటి అబద్ధం అనిపిస్తుంది. నిజానికి రెండూ నిజమే. కట్టడానికి వచ్చే డబ్బు, నడపడానికి కావాల్సిన డబ్బు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి, వేర్వేరు మనుషుల చేతుల్లో ఉంటాయి. ఈ తేడా పట్టుకుంటే నగర ఆర్థిక వ్యవహారం చాలావరకు అర్థమవుతుంది.

ముందుగా మన చేతిలో ఉండే కాగితం, అంటే ఇంటి పన్ను డిమాండ్ నోటీసు చూద్దాం. మనం ఒక్క మాటలో ఇంటి పన్ను అంటాం కానీ అందులో సాధారణ పన్ను, నీటి సరఫరా, మురుగు, పారిశుద్ధ్యం, వీధి దీపాల భాగాలు కలిసి ఉంటాయి. దాని మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా పడుతుంది. ఆ సెస్సు కార్పొరేషన్‌ది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు. కుళాయి ఛార్జీ వేరే.

ఈ పన్ను ఎలా లెక్కగట్టారన్నదే అసలు కథ. 2021 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో అంచనా కట్టి, అందులో ఇంత శాతం అని వేసేవారు. ఆ అంచనాను అయిదేళ్లకోసారి సవరించాలి. కానీ రాష్ట్రంలో నివాస భవనాలకు చివరిసారి సవరించింది 2002లో, దుకాణాలు, ఆఫీసుల్లాంటి వాటికి 2007లో. ఆ తర్వాత 2021 దాకా ఎవరూ ముట్టుకోలేదు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా అంతే. పన్ను పెంచారన్న మాట పడటానికి ఎవరూ సిద్ధపడలేదు.

ఈ పద్దెనిమిది పందొమ్మిదేళ్లలో కర్నూలు ఎంత మారిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పాతబస్తీ నుంచి కల్లూరు దాటి, నంద్యాల చెక్‌పోస్టు దాటి ఊరు సాగింది. 2011 జనాభా లెక్కల నాటికే జనం నాలుగు లక్షలు దాటారు. అద్దెలు, కూలీ, డీజిల్, కరెంటు యూనిట్ ధర, అన్నీ కొన్ని రెట్లు పెరిగాయి. పాత ఇంటి మీద పన్ను మాత్రం 2002 అంచనా దగ్గరే నిలబడింది. కొత్తగా కట్టిన ఇళ్ల వల్ల మొత్తం వసూలు కొంత పెరిగి ఉండొచ్చు, కానీ ఒక్కో ఇంటికి చేయాల్సిన సేవ ఖర్చుతో పోలిస్తే ఏటా వెనకబడుతూ వచ్చింది. పన్ను పెంచకపోవడం అప్పటికి మనకు మేలనిపించింది. నా ఉద్దేశంలో ఈ నగరానికి జరిగిన పెద్ద నష్టాల్లో అదొకటి. పెంచని ఆ డబ్బును జనం వేరే రూపంలో కడుతూనే ఉన్నారు, ప్రైవేటు ట్యాంకర్‌కూ క్యాన్ నీళ్లకూ సొంత బోరుకూ. కట్టలేనివాళ్లు బిందెలు పట్టుకుని తెల్లవారుజామున లేస్తున్నారు.

2020లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేయడం మొదలుపెట్టారు. అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉండే స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, దాని మీద నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం లోపు, మిగతావాటికి 0.20 నుంచి 2 శాతం లోపు పన్ను. ఉదాహరణకు పుస్తకం విలువ రూ.20 లక్షలు ఉన్న ఇంటికి 0.12 శాతం రేటు పెట్టారనుకుంటే ఏడాదికి రూ.2,400. నెలకు రూ.200. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉండే పేదలకు ఏడాదికి రూ.50 మాత్రమే. లెక్కలో పెరుగుదల ఎంత వచ్చినా, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. ఈ హద్దు ఉన్నా, ఏటా పూర్తిగా 15 శాతం పెరిగితే అయిదేళ్లలో పన్ను రెట్టింపవుతుంది. జనంలో వచ్చిన వ్యతిరేకత ఊరికే రాలేదు. ఇరవై ఏళ్లు కదపకుండా వదిలేసి, ఒక్కసారిగా ఏటా పెంచుకుంటూ పోతే ఎవరికైనా మండుతుంది. ఏటా రెండు మూడు శాతం పెంచుకుంటూ వచ్చి ఉంటే ఎవరి మీదా ఇంత భారం పడేది కాదు.

వసూలు సంగతి ఇంకొకటి. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఉంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. కానీ మార్చి వచ్చేసరికి వడ్డీ మాఫీ అని ప్రకటన వస్తుందని బకాయిదారులకు అనుభవం మీద తెలుసు. వేళకు కట్టిన చిన్న ఉద్యోగికి 5 శాతం, ఏళ్ల తరబడి కట్టని పెద్ద కాంప్లెక్స్ యజమానికి వడ్డీలో సగమో, మొత్తమో మాఫీ. ఇది అన్యాయం. బకాయిల జాబితాల్లో ప్రభుత్వ భవనాలు కూడా తరచుగా కనిపిస్తాయి. జిల్లా కేంద్రం కాబట్టి కర్నూలులో ప్రభుత్వ ఆఫీసులు ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీదైతే రాజ్యాంగంలోని 285వ అధికరణం ప్రకారం పన్నే వేయకూడదు, సేవా రుసుము మాత్రం అడగొచ్చు. అంటే ఊళ్లో మంచి చోట్ల ఉన్న స్థలాల్లో కొంత భాగం పన్ను లెక్కలోకే రాదు, ఇంకొంత భాగం లెక్కలో ఉన్నా చేతికి రాదు.

ఎప్పటి నుంచి ఇలా?

కర్నూలు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. కడప 1868లో, అనంతపురం 1869లో. మూడూ మద్రాసు ప్రెసిడెన్సీలో 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం వచ్చిన వెంటనే పుట్టినవే. పేరుకు పట్టణాభివృద్ధి అయినా, ఆ చట్టం ముఖ్యంగా చేసిన పని పట్టణాల పోలీసు ఖర్చులో అధిక భాగాన్ని పట్టణవాసుల పన్నుల మీదకు నెట్టడం. 1871 చట్టంతో పోలీసు భారం తీసేసి, బడులు, ఆస్పత్రులు, పారిశుద్ధ్యం అప్పగించారు. బాధ్యత ముందు, డబ్బు తర్వాత అన్న పద్ధతి అక్కడే మొదలైంది. అప్పు తెచ్చుకుందామన్నా 1914 నాటి స్థానిక సంస్థల రుణాల చట్టం ప్రకారం పైనున్న ప్రభుత్వం అనుమతి కావాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ కట్టుబాటు పోలేదు.

అదే కాలంలో మన ఊరి మధ్య నుంచే ఇంకో పెద్ద డబ్బు వ్యవహారం పారింది. కేసీ కెనాల్. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది మొదట ప్రభుత్వం కాదు, లండన్‌లో వాటాలు అమ్మిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ లాభం తెచ్చినా తేకపోయినా వాటాదారులకు వడ్డీ అందుతుంది, లోటు ఇక్కడి రైతుల శిస్తు నుంచి పూడుతుంది. కాలువకు అనుకున్న గిరాకీ రాలేదు, ఖర్చు అంచనాలు దాటింది. చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసింది. హంద్రీ నది మీద అక్విడక్టు (కాలువను మోసే వంతెన) దాటుతూ ఊళ్లోంచి పోయే ఆ కాలువను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. లాభానికి హామీ ఒకరికి, నష్టం ఇంకొకరికి అన్న ఒప్పందాలు ఇప్పటి ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పథకాల్లోనూ ఉంటాయి. సంతకం పెట్టే ముందు నష్టం ఎవరిది అన్న పేజీ చదవాలి.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటూ ఇక్కడ పెట్టారు కానీ, రాజధాని నడపడానికి భవనాలు లేవు. చాలా ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఉద్యోగుల కోసం క్యాంపులు వెలిశాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు ఆ రోజులవే. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది. మూడేళ్లలో రాష్ట్రం డబ్బుతో ఊరు పెరిగింది, ఆ తర్వాత ఆ డబ్బు ఆగిపోయింది, పెరిగిన ఊరు మాత్రం మునిసిపాలిటీ లెక్కలో మిగిలింది.

పై నుంచి వచ్చే డబ్బు

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. 12వ షెడ్యూల్‌లో 18 పనులు రాసింది, నీటి సరఫరా, రోడ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి వగైరా. పన్నుల జాబితా మాత్రం రాయలేదు. ఏ పన్ను ఇవ్వాలో రాష్ట్రం ఇష్టం. అందుకోసం అయిదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలని 243వై అధికరణం చెబుతుంది. వాటిని ఆలస్యంగా వేయడం, సిఫార్సులను పక్కన పెట్టడం చాలా రాష్ట్రాల్లో మామూలైపోయింది.

కొన్ని పన్నులు ఒకప్పుడు ఊరివే. వృత్తి పన్ను 1987 చట్టంతో రాష్ట్రం చేతికి పోయింది, బదులుగా పరిహారం ఇస్తామన్నారు. వినోదపు పన్ను 2017లో జీఎస్టీలో కలిసింది. స్థలం రిజిస్ట్రేషన్ చేసుకునేటప్పుడు మనం కట్టే 7.5 శాతంలో 1.5 శాతం బదిలీ సుంకం, అది స్థానిక సంస్థల వాటా. పది లక్షల ప్లాటుకు పదిహేను వేలు. కానీ అది ముందు రాష్ట్ర ఖజానాకు పోయి, తర్వాత విడుదల కావాలి. విడుదల ఎప్పుడన్నది కార్పొరేషన్ చేతిలో లేదు. మునిసిపల్ నిధులు ప్రభుత్వ ట్రెజరీలోని పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాల్లో ఉండటం వల్ల, ఖాతాలో అంకె కనిపిస్తున్నా బిల్లు పాస్ కాని రోజులు కాంట్రాక్టర్లందరికీ తెలుసు. అలాంటి ఊళ్లో టెండర్ వేసేవాడు ఆ ఆలస్యాన్ని కూడా లెక్కేసుకుని రేటు కోట్ చేస్తాడు. చిన్న కాలువ పని ఖరీదెక్కడానికి అదీ ఒక కారణం.

కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఇంకో దారి. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పట్టణ సంస్థలకు సుమారు రూ.1.21 లక్షల కోట్లు సిఫార్సు చేసింది. పది లక్షల లోపు జనాభా ఉన్న కర్నూలు లాంటి నగరాలకు ఇచ్చేదాంట్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలంది. లెక్కలు ఆడిట్ చేసి అందరికీ కనిపించేలా పెట్టాలి, ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి తగ్గకుండా పెరగాలంది. ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్నది అసలు షరతు. కర్నూలు కార్పొరేషన్‌లో 2010లో పాలకవర్గం గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో దాదాపు పదకొండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. అన్నేళ్లు వార్డుకో కార్పొరేటర్ లేడు, బడ్జెట్ మీద సభలో ప్రశ్న లేదు.

ఇక పథకాలు. 2005లో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం ప్రధాన జాబితాలో కర్నూలు లేదు. స్మార్ట్ సిటీల్లో మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి ఉన్నాయి. కర్నూలు, కడప, అనంతపురం మూడూ లేవు. 2015 జూన్‌లో పట్టణాల నీటి, మురుగు పనుల కోసం కేంద్రం మొదలుపెట్టిన అమృత్ పథకంలో మూడింటికీ చోటు దక్కింది. అందులో పది లక్షల లోపు జనాభా నగరాలకు కేంద్రం సగం ఇచ్చింది, మిగతా సగం రాష్ట్రం, కార్పొరేషన్ సర్దుకోవాల్సి వచ్చింది.

అమృత్ వచ్చినందుకు సంతోషమే. అయితే ఈ పథకాలన్నిటిలో డబ్బు పైపులకు, ట్యాంకులకు, శుద్ధి కేంద్రాలకు ఇస్తారు. మోటార్ల కరెంటు బిల్లుకు, వాల్వ్ తిప్పే మనిషి జీతానికి, క్లోరిన్‌కు ఇవ్వరు. కొత్త బండి కొనిచ్చి పెట్రోలుకు మాత్రం నీ తిప్పలు నువ్వు పడమన్నట్టు. సుంకేసుల నుంచి వదిలిన నీళ్లు, మునగాలపాడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులో నిలవ చేసిన నీళ్లు మన ఇంటి కుళాయికి రావాలంటే ప్రతి రోజూ మోటార్లు తిరగాలి. కొత్త పంపు పెట్టిన ప్రతిసారీ ఆ నెల నుంచే కరెంటు బిల్లు పెరుగుతుంది. మురుగునీటి శుద్ధి కేంద్రం అయితే మరీ. దాన్ని కట్టినప్పుడు ఫోటో వస్తుంది, నడిపితే ఎవరికీ కనిపించదు, ఆపితే హంద్రీలో కలిసే మురుగు మాత్రం కనిపిస్తుంది. మిగులు లేని కార్పొరేషన్ ముందు జీతాలిస్తుంది, తర్వాత కరెంటు కడుతుంది, మరమ్మతుకు చివరికి ఏమైనా మిగిలితే ఇస్తుంది.

పక్క జిల్లాలోనూ ఇదే చూశాం. అనంతపురం జిల్లా పల్లెలకు 1990ల్లో సత్యసాయి ట్రస్టు వందల ఊళ్లకు పైపులు వేసి నీళ్లిచ్చింది, గొప్ప పని. తర్వాత ఆ పథకాన్ని నడిపే కార్మికులు జీతాల కోసం సమ్మెకు దిగాల్సిన రోజులు వచ్చాయి. పైపు వేసే దాత దొరికాడు, నెలనెలా జీతమిచ్చే పద్దు దొరకలేదు.

అప్పు తేవచ్చు కదా?

కొన్ని నగరాలు బాండ్లు అమ్మి డబ్బు తెస్తున్నాయి. మన దేశంలో 1997లో బెంగళూరు, 1998లో ప్రభుత్వ గ్యారంటీ లేకుండా అహ్మదాబాద్ దారి చూపించాయి. 2018లో హైదరాబాద్ రూ.200 కోట్లు, విశాఖపట్నం రూ.80 కోట్లు తెచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) 10.32 శాతం వడ్డీకి రూ.2,000 కోట్లు ఎత్తింది, దాని వెనక రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ ఉంది.

కర్నూలుకు ఇది ఎందుకు కుదరదు? బాండు కొనేవాడు చూసేది అభివృద్ధి ప్రణాళిక కాదు. ప్రతి నెలా ఖాయంగా వచ్చే సొంత రాబడి ఎంత, లెక్కలు వేళకు ఆడిట్ అయ్యాయా, ఆ రాబడిని అప్పు తీర్చడానికి విడిగా ఖాతాలో పెట్టగలరా అన్నవి చూస్తాడు. పీడీ ఖాతాలో ఇరుక్కుపోయే డబ్బును చూసి ఎవరూ అప్పివ్వరు. ఒంటరిగా వెళ్లలేని చిన్న పట్టణాలకు తమిళనాడు 2002లో ఒక మార్గం చూపింది. కొన్ని మునిసిపాలిటీల నీటి, మురుగు పథకాల అవసరాలను ఒకే నిధిగా కలిపి బాండ్లు అమ్మింది, ఒకరు కట్టలేకపోతే ఆదుకోవడానికి రిజర్వు పెట్టింది. కర్నూలు, కడప, అనంతపురం, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు కలిస్తే రాయలసీమకు అలాంటి నిధి అసాధ్యమేమీ కాదు. కానీ అప్పు అంటే అప్పే. కుళాయి ఛార్జీతో పంపు కరెంటు కూడా రాని చోట అప్పు చేసి ఇంకో పంపు పెడితే భారం రెండింతలవుతుంది.

చెత్త పన్ను అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2021 అక్టోబర్‌లో క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంతో ఇంటికి నెలకు రూ.120 దాకా వసూలు మొదలుపెట్టారు. జనం తిరగబడ్డారు, 2024లో ఆ పన్ను రద్దయింది. జనం తప్పేమీ లేదు. బండి రోజూ రాని వీధిలో కూడా డబ్బు అడిగారు, కట్టకపోతే ఇతర సేవలు ఆపుతామని బెదిరించిన చోట్లూ ఉన్నాయి. అయితే పన్ను రద్దయింది కానీ చెత్త ఎత్తే ఖర్చు రద్దు కాలేదు. అది ఇంటి పన్ను వచ్చే సాధారణ నిధి మీదే పడింది, ఆ నిధిలోంచే కాలువ పూడిక కూడా తీయాలి.

పెరిగిన భూమి విలువ ఎవరిది?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, అందరూ తక్కువ మాట్లాడేది ఇదే. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టులో కేంద్రం ఓర్వకల్లులో 2,621 ఎకరాల్లో రూ.2,786 కోట్లతో, కడప దగ్గర కొప్పర్తిలో 2,596 ఎకరాల్లో రూ.2,137 కోట్లతో పారిశ్రామిక నగరాలకు ఆమోదం ఇచ్చింది. న్యాయ రాజధాని అన్నప్పుడు ఒకసారి, హైకోర్టు బెంచ్ అన్నప్పుడు ఇంకోసారి మన చుట్టూ ప్లాట్ల ధరలు కదిలాయి. ఆ పెరుగుదలకు యజమాని చేసిందేమీ లేదు. ప్రభుత్వం రోడ్డు వేసింది, ప్రకటన చేసింది, ధర పెరిగింది. అందులో నగరానికి దక్కేది బదిలీ సుంకంలో వాటా, అదీ పుస్తకం విలువ మీదే.

ఓర్వకల్లు పనులు కార్పొరేషన్ ద్వారా జరగవు, వాటికి ప్రత్యేక సంస్థలుంటాయి. ఊరి చుట్టూ లేఅవుట్లకు అనుమతిచ్చి ఫీజులు తీసుకునేది 2017లో ఏర్పడిన కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ, కుడా. కానీ అక్కడ పనిచేసేవాళ్లు ఉండేది, పిల్లల్ని చదివించేది కర్నూలులో. శివారు వెంచర్లు నిండి నగరంలో కలిశాక కుళాయి, వీధి దీపం, మురుగు కాలువ కార్పొరేషన్ నెత్తిన పడతాయి. ఫీజు తీసుకున్న సంస్థ ఒకటి, నలభై ఏళ్లు సేవ చేయాల్సింది ఇంకొకటి.

చట్టంలో దీనికి మార్గం లేకపోలేదు. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టంలోనే, ప్రణాళిక వల్ల విలువ పెరిగిన భూమి నుంచి అభివృద్ధి పన్ను తీసుకునే వీలుంది. ఆ చట్టం మన రాష్ట్రంలో ఇంకా ఉంది. అమరావతిలో భూసమీకరణతో ముప్పై వేలకు పైగా ఎకరాలు సేకరించి, పెరిగే విలువనే పెట్టుబడిగా మార్చాలని చూశారు. అంత పెద్ద ఎత్తున కర్నూలులో అక్కర్లేదు. కొత్త వెంచర్‌కు అనుమతి ఇచ్చే రోజే ఆ కాలనీకి ప్రధాన పైపు, మురుగు లైను వేయడానికి పట్టే ఖర్చులో వాటా వసూలు చేసి, దాన్ని వేరే పనికి మళ్లించడానికి వీల్లేని ఖాతాలో ఉంచితే చాలు. కొన్నేళ్లుగా ఇల్లు కట్టకుండా వదిలేసిన ప్లాట్ల మీద ఖాళీ స్థలం పన్ను గట్టిగా వసూలు చేయాలి. ప్లాటు కొని ధర కోసం ఎదురుచూసే వాళ్లలో చాలామంది ఇక్కడ ఉండరు, వాళ్ల ప్లాటు ముందు దోమలు మాత్రం ఇక్కడివాళ్లకే.

రిజర్వ్ బ్యాంక్ 2022 నివేదిక ప్రకారం మన దేశంలో పట్టణ సంస్థల ఆదాయం జీడీపీలో ఒక శాతం దగ్గరే ఏళ్లుగా ఆగిపోయింది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. ఆ తేడాను కర్నూలు ఒక్కటే మార్చలేదు. ఇక్కడ చేయగలిగింది ఒకటుంది. ఏటా బడ్జెట్ కౌన్సిల్ ముందుకు వస్తుంది. అందులో కొత్త పనుల పట్టిక ఉంటుంది, పని పేరు, అంచనా మొత్తం, ఏ పథకం కింద అని. ఆ పట్టికకు ఇంకో రెండు గడులు చేర్చమని కార్పొరేటర్లను అడగాలి. ఆ పని పూర్తయ్యాక ఏడాదికి నడపడానికి ఎంత, ఆ డబ్బు ఏ ఖాతాలోంచి. వాటితో పాటు వార్డుల వారీగా డిమాండ్ (రావాల్సిన పన్ను) ఎంత, వసూలు ఎంత, లక్ష రూపాయలకు మించి బాకీ ఉన్న ఆస్తులేవి అన్న జాబితా వార్డు సచివాలయం గోడ మీద అంటించమనాలి. ప్రభుత్వ భవనాలు కూడా ఆ జాబితాలో ఉండాలి.